ఇంట్లో చెక్క విమానం కట్టాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హన్మకొండలో షెడ్డు తలుపు తీసి పెట్టుకుని రెక్క పని చేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు, చుట్టాలు ఫోన్ చేసి అడుగుతారు, ఎన్‌ఐటీ పిల్లలు వచ్చి అడుగుతారు. అడిగేవి దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోండి. జిగురు గురించి, తేమ గురించి ఉన్న జవాబులు మాత్రం దాటేయకండి, మన ఊళ్లో ఈ పని నిలబడేదీ చెడేదీ అక్కడే.

ఇది నిజంగా మనిషి కూర్చుని ఎగిరేదేనా, లేక రిమోట్ బొమ్మనా?

మనిషి ఎక్కేదే. ఇదేమీ కొత్త పిచ్చి కాదు. అమెరికాలో మిన్నెసోటా పల్లెలో ఉండే బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజిన్ పెట్టి ఎయిర్ క్యాంపర్ అనే ఇద్దరు కూర్చునే చెక్క విమానం ఎగరేశాడు, దాని ప్లాన్లతో ఇప్పటికీ జనం కడుతున్నారు. ఫ్రాన్స్‌లో 1948లో జోడెల్ డి9 వచ్చింది, ఒక్కరికే సీటు, ఏడు మీటర్ల రెక్క. 1968లో ఎగిరిన వోక్స్‌ప్లేన్ వీపీ-1 అయితే అందం పక్కన పెట్టి, కట్టడం తేలిక కావాలని గీసిన డిజైన్. ఖాళీగా సుమారు 200 కిలోలు, మనిషి, పెట్రోలు కలిపితే సుమారు 340.

అల్యూమినియం, ఫైబర్ ఉండగా చెక్క ఎందుకు?

బరువుతో పోల్చి చూస్తే మంచి స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే, పైన్ లాంటి చెట్టు) చెక్క బలం అల్యూమినియంకు తీసిపోదు. పైగా లోహం పదే పదే వంగితే లోపల అలసిపోయి పగులుతుంది, చెక్కకు ఆ బాధ చాలా తక్కువ. రివెట్ గన్, కంప్రెసర్, షీటు వంచే మిషన్ అక్కర్లేదు. వడ్రంగం కొంచెం వచ్చి, ఓపిక ఎక్కువ ఉంటే చాలు. ఫైబర్ పనిలో రుద్దినప్పుడు లేచే దుమ్ము ఇంట్లో పిల్లలున్నవాళ్లకు పెద్ద టెన్షన్, ఇక్కడ రంపపు పొట్టుతో పోతుంది.

చెక్కకు శత్రువులు వేరే ఉన్నాయి: నీళ్లు, చెదలు, చేతగాని అతుకు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మస్కిటో బాంబర్ చెక్కదే, ఆ కాలంలో అత్యంత వేగంగా పోయే విమానాల్లో ఒకటి. 1944లో మన దేశంలో, బర్మా వైపు పనిచేసే మస్కిటోల్లో కొన్నింటి రెక్కలు గాల్లో విఫలమైతే మొదట అందరూ ఇక్కడి వేడినీ తేమనూ తిట్టారు. పరిశీలించాక అతుకులు తయారుచేసిన తీరులోనూ లోపాలు బయటపడ్డాయి. రెండూ కలిస్తే ఏమవుతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోండి. ఇక్కడి వాతావరణం మంచి అతుకును కూడా విసిగిస్తుంది, చెడ్డ అతుకునైతే అసలు వదలదు.

పర్మిషన్ కావాలా? పొలంలో నుంచి లేపేస్తే ఎవడు చూస్తాడు?

అందరూ చూస్తారు. చూడకపోయినా తప్పు తప్పే. మన దేశంలో మనిషి ఎక్కే ఏ విమానమైనా డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) దగ్గర రిజిస్టర్ అయి, వీటీతో మొదలయ్యే గుర్తు వేసుకుని, ఎగరడానికి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత పీడీఎఫ్‌లు చదివి ధైర్యం తెచ్చుకోకండి. అమెరికాలో సగానికి పైగా పని మనమే నేర్చుకోవడం కోసం, సరదా కోసం చేశామని చూపిస్తే ఎక్స్‌పెరిమెంటల్ కింద సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడివాళ్ల వీడియోలు చూసి ఇక్కడా అంతే అనుకోవద్దు.

ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల లోహపు విమానం కట్టి 2016 మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెడితే దేశమంతా చూసింది. రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2017 చివర్లో. ఎగరడానికి అనుమతి కోసం ఆ తర్వాత కూడా ఆగాల్సి వచ్చింది. అంత పేరొచ్చిన మనిషికే అన్నేళ్లు పట్టింది. అందుకే చెక్క కొనకముందే ఎంచుకున్న డిజైన్ వివరాలతో డీజీసీఏకు ఉత్తరం రాయండి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి, మొదటి రోజు నుంచి ప్రతి దశకూ ఫొటో తీసి, బిల్లులు దాచి పెట్టండి. మూసేసిన రెక్క లోపల ఏముందో రేపు చూపించేది ఆ ఫొటోలే.

నేను మెకానికల్ ఇంజనీరింగ్. డిజైన్ నేనే చేసుకుంటా. ఓకేనా?

మొదటి విమానానికి వద్దు తమ్ముడూ. వందల మంది కట్టి, ఎగిరి, తప్పులు దిద్దిన ప్లాన్ కొనుక్కో. సాఫ్ట్‌వేర్‌లో రెక్క విరగకపోవచ్చు, కానీ చెక్క ఒక్కో పలకకూ ఒక్కో గుణం ఉండే సరుకు. ప్లాన్‌లో 19 మిల్లీమీటర్లు ఉంటే 19 పెట్టు, "ఇంకొంచెం గట్టిగా ఉంటుందిలే" అని 25 పెట్టకు. అలా తలా ఒక చోట పెంచుకుంటూ పోయినవాళ్ల విమానాలే చివరికి బరువెక్కి రన్‌వే చివరి దాకా లేవవు.

అన్నా, టేకు మన దగ్గరే దొరుకుతుంది కదా, ఆ స్ప్రూస్ గోల ఎందుకు?

ఏటూరునాగారం, మంచిర్యాల వైపు టేకు గురించి మనకు గర్వం ఉండటం సహజమే. తలుపులకు, మంచాలకు దానికి మించింది లేదు. కానీ టేకు ఘనపు మీటరుకు 650 కిలోల దాకా తూగుతుంది, సిట్కా స్ప్రూస్ 400 పైచిలుకు. ఆ ఎక్కువ బరువుకు తగ్గ బలం అదనంగా రాదు. పైగా టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టాలంటే అతికించే ముందు తుడవాలి, అప్పుడు కూడా అనుమానమే.

ఏ చెక్కయినా చూడాల్సినవి ఇవి: స్పార్‌కు (రెక్క పొడవునా బరువు మోసే దూలం) వాడే స్ప్రూస్‌లో అంగుళానికి కనీసం ఆరు వలయాలు (చెట్టు ఏటా వేసే వయసు గీతలు) ఉండాలి, నార పక్కకు జారితే 15 అంగుళాల పొడవుకు ఒక అంగుళం మించకూడదు, ముడులు, జిగట సంచులు, అడ్డంగా సన్నటి నలిగిన గీత ఉండకూడదు. ఆ అడ్డగీత ప్రమాదకరమైంది, చెట్టు పడినప్పుడో గాలికి వంగినప్పుడో లోపలి నార నలిగితే వస్తుంది, చిత్రిక పట్టి ఏటవాలు వెలుతురులో చూస్తే తప్ప కనిపించదు. టింబర్ డిపోల్లో ప్యాకింగ్ కోసం వచ్చే దిగుమతి పైన్ చూసి చాలామంది ఆశపడతారు, అందులో ఎక్కువ పలకల వలయాలు దూరదూరంగా ఉంటాయి, లెక్కపెడితే మీకే తెలుస్తుంది. డగ్లస్ ఫర్ అనే ఇంకో చెక్క మంచి ప్రత్యామ్నాయమే, కొంచెం బరువు, మేకు కొడితే చీలే గుణం ఉంది.

నిర్మల్ బొమ్మల పొనికి కర్ర తేలికే కదా?

తేలికే, అందుకే బొమ్మలకు అంత బాగా చెక్కుడు పడుతుంది. బరువు మోసే చోట ఎక్కడా పెట్టకండి. సీటు వెనక అలంకారానికి ఒక చిలుక బొమ్మ చేయించుకుంటే అడ్డు చెప్పను.

ప్లైవుడ్ షాపులో తెచ్చుకోవచ్చా?

ఐఎస్ అంటే మన దేశపు నాణ్యతా ప్రమాణం. ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లైవుడ్ ఫర్నిచర్‌కు. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ జిగురు మంచిదే, నీళ్లలో మరిగించినా పొర విడవకూడదన్నది దాని నియమం. కానీ షాపుల్లో దొరికేవి మందం ఎక్కువ, బరువు ఎక్కువ, లోపలి పొరల్లో సందులు ఉండొచ్చు. విమానానికి కావాల్సింది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల బర్చ్ ప్లై (బర్చ్ అనే చెట్టు పొరలతో చేసింది), అది బయటి దేశాల నుంచే తెప్పించుకోవాలి. ఏది తెచ్చినా మూల నుంచి చిన్న ముక్క కోసి కుక్కర్ పక్కన గిన్నెలో కొన్ని గంటలు మరిగించి, ఆరబెట్టి, మళ్లీ మరిగించి, చేత్తో చీల్చి చూడండి. ఇంట్లో వాళ్ల గిన్నె కాకుండా వేరే గిన్నె వాడితే గొడవ ఉండదు.

ఫెవికాల్ ఎందుకు వద్దు? మా మంచం ఇరవై ఏళ్లుగా ఉంది.

మంచం కాళ్ల అతుకు మీద బరువు పడేది పైనుంచి కిందికి, అందులో మేకు, గాడి, జిగురు అన్నీ కలిసి మోస్తాయి. రెక్కలో జిగురు ఒక్కటే మోస్తుంది. తెల్ల జిగురు ఎంత గట్టిపడినా ఎడతెగకుండా బరువు లాగుతూ ఉంటే మెల్లగా జారుతుంది, వేడికి ఇంకా మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన రెక్క లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి.

వాడేవి రెండు రకాలు. రిసార్సినాల్ అనే ముదురు ఎర్ర జిగురు పాతది, నీళ్లకూ వేడికీ లొంగదు, కానీ అతుకు కాగితం దూరనంత దగ్గరగా కూర్చోవాలి, క్లాంపులు గట్టిగా బిగించాలి, 21 డిగ్రీల పైన వేడి ఉండాలి. ఇంగ్లండ్‌లో దీనికోసం షెడ్డులో హీటర్లు పెట్టుకుంటారట, మనకు చలికాలపు రాత్రులు, తెల్లవారుజాములు తప్పిస్తే ఆ బాధే లేదు. రెండోది ఎపాక్సీ, రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు. ఇది చిన్న సందులను నింపుతుంది, ఎక్కువ నొక్కితే జిగురంతా బయటికి కారి అతుకు ఎండిపోతుంది, కాబట్టి చేత్తో బిగించినంత చాలు. దాని లోపం వేడి. గట్టిపడ్డాక కూడా బాగా వేడెక్కితే మెత్తబడుతుంది. అందుకే ఎపాక్సీతో కట్టిన చెక్క విమానానికి పైన తెలుపు రంగే. నల్లటి రెక్క మీద గులాబీ గీతలు గీసుకోవాలని ఒక కుర్రాడు అడిగాడు, ఎండలో ముదురు రంగు ఉపరితలం 70 డిగ్రీలు సులువుగా దాటుతుంది, మానుకోమన్నా.

మన ఎండాకాలంలో ఇంకో తమాషా. ఎపాక్సీ కప్పులో కలిపి పెట్టి ఫోన్ ఎత్తి మాట్లాడితే వచ్చేసరికి కప్పు చేతికి కాలుతుంది, పొగ కూడా రావొచ్చు. కలపగానే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచేయండి, పళ్లెం కింద చల్లటి నీళ్లు పెట్టండి, ఏప్రిల్, మే నెలల్లో జిగురు పని తెల్లారి ఆరింటికల్లా ముగించండి.

ప్రతిసారీ కలిపిన జిగురుతోనే అదే చెక్క ముక్కలు రెండు అతికించి, తేదీ రాసి పక్కన పెట్టండి. గట్టిపడ్డాక వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన ముఖం మీద చెక్క నార చిరిగి అతుక్కుని ఉండాలి. జిగురు నున్నగా, మెరుస్తూ, గాజులా విడిపోయిందంటే ఆ రోజు అతికించినవన్నీ అనుమానమే, తీసి మళ్లీ చేయండి. ఈ విరిగిన ముక్కల డబ్బా ఎంత నిండితే మీ విమానాన్ని నేను అంత నమ్ముతా.

వానాకాలంలో పని ఆపాలా?

ఆపక్కర్లేదు, పని మార్చుకోవాలి. చెక్క చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. మే నెల వడగాలికి లోపలి తేమ 5 శాతం దాకా పడిపోగలదు, ఆగస్టు ముసురులో 15 దాటగలదు. మనకు కావాల్సింది 8 నుంచి 12. ఎండాకాలంలో బాగా ఎండిన రిబ్‌ను (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పక్కటెముక) వానాకాలంలో వాచిన స్పార్‌కు అతికిస్తే రెండూ తర్వాత వేరువేరుగా కదులుతాయి, ఆ లాగుడంతా జిగురు గీత మీదే.

మీటరు లేకపోయినా కొలవొచ్చు. చిన్న ముక్క కోసి నగల త్రాసు లాంటి దాంట్లో తూచండి. 56 గ్రాములు ఉందనుకోండి. వంటింటి ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పెట్టి, తీసి తూస్తూ, ఇక తగ్గని దాకా ఉంచండి. 50 దగ్గర ఆగితే పోయిన ఆరు గ్రాములను 50తో భాగించండి, 12 శాతం. నా పద్ధతి ఏమిటంటే దసరా నుంచి ఫిబ్రవరి దాకా స్పార్, ఫ్యూజ్‌లాజ్ (మనిషి కూర్చునే మొండెం భాగం) అతుకులు. ఎండాకాలంలో లోహపు ఫిట్టింగులు, కేబుళ్లు. ముసురులో కోత పని, కాగితాల పని, ఇంజిన్ పని. చెక్క నేల మీద కాకుండా అటకలా పైన, గాలి ఆడేలా పడుకోబెట్టాలి, గోడకు చేరేస్తే వంగిపోతుంది.

ఎంత స్థలం, ఏ పనిముట్లు?

చిత్రిక, ఉలి, సన్న పళ్ల రంపం, చిన్న బ్యాండ్‌సా, డ్రిల్లు, మూలమట్టం, లెక్కకు మించి క్లాంపులు. ఎన్నున్నా ఇంకో నాలుగు కావాలనిపిస్తుంది. స్థలానికి ముందు తలుపు కొలవండి. జోడెల్ డి9 స్పార్ రెక్క ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే ముక్క, ఏడు మీటర్లు. మేడ మీద గదిలో కట్టి, దింపడానికి గోడ పగలగొట్టాల్సి వస్తే ఇంటి ఓనర్‌తో మాట్లాడే పని మీదే.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రిబ్‌ల నుంచి. బల్ల మీద ప్లాన్ అంటించి, చుట్టూ చిన్న చెక్క ముక్కలు బిగించి అచ్చు చేసుకుంటే అందులో ఆరు మిల్లీమీటర్ల పుల్లలు పెట్టి, మూలల్లో ప్లైవుడ్ ముక్కలు అతికిస్తూ పోవచ్చు. ఒక్కటి చెడితే పోయేది నాలుగు పుల్లలే, చేయి తిరుగుతుంది. ఈ దశలోనే చాలామంది మానేస్తారు, మానేయాల్సినవాళ్లు మానేయడానికి ఇదే చవకైన చోటు.

తర్వాత స్కార్ఫ్ అతుకు నేర్చుకోండి. రెండు పలకలను పొడవుకు కలపాలంటే చివరలు ఏటవాలుగా కోసి ఒకదానిమీద ఒకటి అతికించాలి, ఏటవాలు మందానికి 12 రెట్లు. 20 మిల్లీమీటర్ల పలకైతే 240 మిల్లీమీటర్ల వాలు. ఊళ్లో మంచి వడ్రంగి ఎవరైనా ఉంటే ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. చిత్రిక ఎలా పదును పెడతారో చూస్తే వీడియోల కన్నా ఎక్కువ వస్తుంది. అతుకు ముఖాన్ని గరుకు కాగితంతో రుద్ది వదిలేయకండి, పదునైన చిత్రికతో తీసిన ముఖానికి జిగురు బాగా పడుతుంది, రుద్దితే పొట్టు దుమ్ము నార సందులను మూసేస్తుంది.

రెక్క మీద బట్ట మన కొత్తవాడలో నేయించొచ్చా?

వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు ఉంది, నేతగాళ్ల పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఒకప్పుడు విమానాలకు నూలు బట్టే వాడేవాళ్లు కూడా. కానీ నూలు ఎండకు, బూజుకు కొన్నేళ్లకే పాడవుతుంది. ఇప్పుడు అందరూ వాడేది పాలిస్టర్ బట్ట, చెక్క ఫ్రేమ్‌కు అంటించి ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. మొదట 120 డిగ్రీలు, తర్వాత ఇంకొంచెం ఎక్కువ. ఇస్త్రీ పెట్టె మీద ఉన్న గుర్తులను నమ్మకండి, థర్మామీటరుతో కొలుచుకుని గీత పెట్టుకోండి, అతిగా బిగిస్తే సన్నటి చెక్క చట్రం వంకరపోతుంది.

మారుతి 800 ఇంజిన్ పెడితే?

ఎప్పుడూ వచ్చే ప్రశ్న. కారు ఇంజిన్ బలమంతా నిమిషానికి ఐదు వేల తిరుగుళ్ల పైన ఉంటుంది, చెక్క ప్రొపెల్లర్ మూడు వేల చుట్టుపక్కలే హాయిగా పనిచేస్తుంది. మధ్యలో వేగం తగ్గించే బెల్టో, గేరో కావాలి. రేడియేటర్, నీళ్లు, ఆ గేరు కలిపితే బరువు ముక్కు మీద పడి బ్యాలెన్స్ మొత్తం మారుతుంది. విదేశాల్లో చిన్న సుజుకి ఇంజిన్లతో ఎగిరినవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లు విమానం మీద కన్నా ఇంజిన్ మీదే ఎక్కువ కాలం గడిపారు. పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్ అందరూ ఎందుకు వాడారంటే గాలితో చల్లబడుతుంది, మూడు వేల చిల్లర తిరుగుళ్లలోనే ప్రొపెల్లర్‌ను నేరుగా తిప్పగలదు. ప్లాన్‌లో ఏ ఇంజిన్ రాసి ఉంటే అదే. రోటాక్స్ అనే కొత్త విమాన ఇంజిన్ కొంటే ఒక మంచి కారు కొన్నంత అవుతుంది, దిగుమతి సుంకం వేరే.

రెక్క విరగదని ఎలా తెలుస్తుంది?

బస్తాలతో. బట్ట కప్పకముందు రెక్కను బోర్లా తిప్పి నిలబెట్టి, పైన ఇసుక సంచులు పేర్చుతారు, ఎందుకంటే గాల్లో రెక్క మీద బరువు పైకి పడుతుంది. 340 కిలోల విమానం 3.8 రెట్ల బరువు ఓర్చుకోవాలంటే మొత్తం సుమారు 1290 కిలోలు. అందులో రెక్క సొంత బరువు లెక్క తీసేస్తే మిగిలింది పేర్చాలి. రెక్క మొదలు దగ్గర ఎక్కువ, కొసకు తక్కువ, ముందంచు వైపు ఎక్కువ. ప్రతి సంచీ పది కిలోలకు తూచి కట్టండి, ఖాళీ సంచులు ఎనుమాముల మార్కెట్ దగ్గర కావాల్సినన్ని. ఇద్దరు మనుషులు రెండు వైపులా ఒకేసారి పేర్చాలి, కింద ఎవరూ దూరకూడదు, కొస ఎంత వంగిందో స్కేలుతో రాసుకోవాలి. దించాక కొస మొదటి గీతకే రావాలి. రాకపోతే లోపల ఏదో జారింది. ఎగరబోయే రెక్కను విరిగేదాకా పరీక్షించొద్దు, ఆ పని అచ్చం అలాగే చేసిన నమూనా ముక్క మీద చేసుకోవాలి.

ఎక్కడ ఎగరేస్తారు? మామునూరులోనా?

మామునూరు విమానాశ్రయం 1930లో నిజాం కాలం నాటిది, 1981లో మూతపడింది, 2025లో మళ్లీ కట్టడానికి కేంద్రం ఒప్పుకుంది. పెద్ద విమానాల కోసం కడుతున్న చోట మన చెక్క విమానానికి చోటిస్తారో లేదో అది వేరే సంగతి, ఆశ పెట్టుకుని ప్లాన్ వేసుకోకండి. ఎగరడానికి ముందు మీకు లైసెన్స్ కావాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, మెడికల్ ఉండాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. రెక్క పని సగంలో ఉండగానే శిక్షణ మొదలుపెడితే మంచిది, మీకు ఎగరడం నచ్చుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

మన ఎండ ఇక్కడ కూడా వదలదు. వరంగల్ సముద్ర మట్టానికి 260 మీటర్ల చిల్లర ఎత్తులో ఉంది. 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి, విమానానికి అది 1300 మీటర్ల ఎత్తున్న ఊరిలా అనిపిస్తుంది. చిన్న ఇంజిన్‌కు పరుగు పొడవవుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది. అందుకే పొద్దున్నే.

ఎన్నాళ్లు, ఎంత?

తేలికైన డిజైన్‌కు వెయ్యి గంటలంటే తక్కువే, రెండు వేలు సహజం. ఆదివారాలు మాత్రమే చేసేవాళ్లకు సంవత్సరాలు. ఖర్చు ఒకేసారి పడదు, అదే దీని మంచితనం. ఈ నెల చెక్క, వచ్చే నెల జిగురు. కానీ ఇంజిన్ వచ్చేసరికి అప్పటిదాకా పెట్టినదంతా మళ్లీ పెట్టాలి.

ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నారా?

ఒప్పుకోలేదు, అలవాటుపడ్డారు.

కట్టేశాక ఎలా కాపాడుకోవాలి?

రెక్క లోపల ప్రతి గదిలో అన్నింటికన్నా కింద ఉండే చోట నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉండాలి, కందిరీగలు మట్టితో పూడ్చేస్తాయి, పుల్లతో పొడిచి చూస్తుండాలి. మూసేముందు లోపలంతా వార్నిష్, అతికించే చోట్లు వదిలేసి. నేల మీద చక్రాల దగ్గర చెదల మందు. వానాకాలం అయిపోగానే ఒక పూట కూర్చుని రూపాయి బిళ్లతో స్పార్ పొడవునా, ప్లైవుడ్ అంచుల వెంట తట్టుకుంటూ పొండి. గట్టి చోట టక్కుమంటుంది, అతుకు విడిచిన చోట, పుచ్చిన చోట డొల్లగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట పెన్సిలుతో సున్నా చుట్టి పక్కన తేదీ వేయండి, విప్పి చూసేదాకా ఆ విమానం షెడ్డు దాటకూడదు.